రెండో మడి

"నారు ఎటు పోయింది?" అని ప్రమీల అడగడం ఇది నాలుగోసారి.

మొదటిసారి మామూలుగానే అడిగింది. రెండోసారి నవ్వుతూ అడిగింది, తమ్ముడు ఆట పట్టిస్తున్నాడేమోనని. మూడోసారికి నవ్వు పోయింది. ఈసారి మాత్రం వాకిట్లో గింజలేరుతున్న కోళ్లు కూడా పక్కకు తప్పుకున్నాయి.

ఇంటి వెనక నీడవల కింద రెండు నారుమళ్లూ బోసిగా ఉన్నాయి. ఒక్కో మడిలో రెండువందల మిరప మొక్కలుండాల్సిన చోట గడ్డి మొలిచింది. మూడు నెలల కింద బెంగళూరు ల్యాబుకు వెళ్తూ ఆమె గుచ్చిన ప్లాస్టిక్ చీటీలు మాత్రం చెక్కుచెదరలేదు. ఒకదాని మీద ఒకటి అంకె, రెండోదాని మీద రెండు అంకె.

"ఫోన్ల ఏం చెప్పినవ్ వీరన్నా? మొన్న గూడ అడిగిన. మంచిగున్నయ్ అక్కా అన్నవా లేదా?"

"అన్న."

"మరి?"

"మంచిగనే ఉన్నయ్. ఈడ లెవ్వు, గంతే."

చేతిలో ఉన్న నోట్‌బుక్ విసిరేద్దామనుకుంది ప్రమీల. అందులో ఎనిమిదేళ్ల రాతలున్నాయని గుర్తొచ్చి ఆగిపోయింది.

గడపలో కూర్చుని బియ్యం చెరుగుతున్న తల్లి లాలి ఇంతసేపూ తలెత్తలేదు. ఆమె చేట ఊపుతున్న తీరు చూస్తేనే ప్రమీలకు విషయం సగం అర్థమైంది. బియ్యంలో రాళ్లు లేకపోయినా ఏరుతోంది.

"యాడీ, నువ్వన్న చెప్పు."

"ఇచ్చేసిన," అంది లాలి.

"ఎవరికి?"

"అడిగినోళ్లకు. నలభై దినాలు దాటిన నారును ఇంకా మడిలనే ఉంచుతరా ఎవరన్న? ముదిరి కట్టె అయితది. నువ్వేమో వస్త వస్త అంటవు, రావు. అడవి దిక్కు జంపయ్య వచ్చి అడిగిండు. మా చెల్లె గోరి అడిగింది. లేదని ఎట్లంట?"

ఆ తండాలో నారు అడిగితే లేదనరు, అమ్ముకోరు కూడా. తీసుకున్నవాళ్లు తొలి కోతలో ఒక గంపెడు కాయ తెచ్చి ఇచ్చిన ఇంటి గడపలో పోసి పోతారు. ప్రమీల అది తెలియని మనిషి కాదు. చిన్నప్పుడు ఆ గంపలు మోసిన పిల్లే. మడి దగ్గరికి ఎవరినీ రానివ్వొద్దని తమ్ముడికి పదిసార్లు చెప్పింది గానీ, అడిగితే ఇవ్వొద్దని తల్లికి చెప్పాలన్న ఆలోచనే రాలేదు. చదువు ఎక్కువైనవాళ్లు చేసే పొరపాటు ఇలాగే ఉంటుంది.

ఇక తమ్ముడి తప్పు ఎంత, తన తప్పు ఎంత? ముప్పై అయిదో రోజుకు మొక్కల్ని తను పనిచేసే సంస్థ కట్టించే వలగదిలోకి మార్చాలన్నది ఏర్పాటు. వానలకు వలగది కట్టడం ఆగిపోయింది. బెంగళూరులో పని తెగక తనూ ఆగిపోయింది. నారు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు.

"రేపు పదిగంటలకు నలుగురు వస్తున్నరు యాడీ," అంది ప్రమీల మెట్టు మీద కూలబడి. "గీ రెండు మళ్ల మొక్కలు చూసేటందుకే హైదరాబాద్ నుంచి వస్తున్నరు. చూసి, నా ప్రాజెక్టు ఉండాల్నా పోవాల్నా చెప్తరు. అది పోతే నా నౌకరీ గూడ పోతది. మొన్న దసరాకు ఫోన్ల నీకు చెప్పిన గద."

లాలి చేట ఊపడం ఆపింది. "చెప్పినవ్," అంది. "మొక్కలు చూస్తరని చెప్పినవ్. మడిలనే చూస్తరని చెప్పలే."

మిరప మీద ప్రమీల పంతం ఇవాళ్టిది కాదు. జన్యువంటే గింజలో దాచిన రాత అనుకుంటే, ఆ రాత పనిలోకి రావాలంటే కణం దానికి నకలు తీయాలి. ఆ నకలును మధ్యదారిలో పట్టుకుని చింపేసే చిట్టి ముక్కలు కొన్ని ఉంటాయి. ఇరవై చిల్లర అక్షరాలకు మించవు. వాటినే చిన్న ఆర్‌ఎన్‌ఏలంటారు. ఏ జన్యువు మాట సాగాలో, ఏది నోరు మూసుకోవాలో అవే చూసుకుంటాయి. వైరస్ వచ్చి తన రాతను కణం మీద రుద్దితే, ఆ నకళ్లనూ పట్టుకుని చింపుతాయి. పీహెచ్‌డీలో మొదటిసారి ఈ సంగతి చదివిన రోజు ప్రమీలకు అన్నం సహించలేదు, ఆనందంతో.

మూడేళ్ల కింద ఈ ఇంటి చేనంతా బొబ్బర తెగులుతో ముడుచుకుపోతే, అందులో ఒక్క మొక్క కింది ఆకులు ముడుచుకుని పై ఆకులు నున్నగా విప్పుకుంది. తెగులును గెలిచిన మొక్క. దాన్ని వేళ్లతో సహా తవ్వి ఇంటి వెనక నాటుకుంది ప్రమీల. తల్లిచెట్టు అని పేరు పెట్టింది. ఆ గెలుపు జ్ఞాపకం చిన్న ఆర్‌ఎన్‌ఏల రూపంలో గింజలోకి, గింజ నుంచి పిల్లమొక్కలోకి దిగుతుందని ఆమె వాదం. మొదటి మడిలో తల్లిచెట్టు గింజలు పోసింది. రెండో మడిలో మామూలు గింజలు, కేవలం పోల్చుకోవడానికి. తన వాదం నిజమైతే మొదటి మడి నారు తెగులుకు తట్టుకోవాలి, రెండోది పడిపోవాలి. వలగదిలో ఆ తెగులు వైరస్‌ను మోసే తెల్లదోమను వదిలి ఆ తేడా చూపిద్దామనుకుంది.

ఇప్పుడు వలగది లేదు, నారు లేదు.

"రెండూ కలిపేసి ఇచ్చినవా?" అంది ఆఖరికి. ఏ జవాబు వస్తుందో తెలిసే అడిగింది.

"ఎందుకు కలుపుత?" అంది లాలి నొచ్చుకుంటూ. "నువ్వు చీటీలు గుచ్చి పోతివి. ఏదో ఉంటది అనుకున్న. మొదటి మడి కట్టలకు నా పాత పేటియా లంగా చింపి ఎర్రగుడ్డ కట్టిన. రెండోదానికి గోనెదారం కట్టిన. జంపయ్యకు దాంట్లకెల్లి మూడు, దీంట్లకెల్లి మూడు. కట్టకు యాభై. మిగిలిన రెండూ గోరి పెనుబల్లికి పట్కపోయింది."

ప్రమీల మెట్టు మీద నుంచి లేచిన తీరుకు వీరన్న రెండడుగులు వెనక్కి వేశాడు.

"జంపయ్య చేండ్ల ఈయేడు బొబ్బర పడ్డదా?"

"పడకుంట ఉంటదా? ఆ దిక్కంత పడ్డది."

"బండి తియ్యి."

వలగదిలో కాదు, అసలు చేనులోనే, అసలు తెల్లదోమ మధ్యలోనే, తన రెండు రకాల నారు పక్కపక్కనే నలభై రోజులుగా పెరుగుతోంది. ఏ కమిటీ ఒప్పుకునేది అలాంటి పరీక్షకు? అనుమతుల కాగితాలకే రెండేళ్లు పట్టేది. తల్లి ఒక్క పూటలో చేసేసింది.

"నేను గూడ వస్త," అంది లాలి చేట పక్కన పెట్టి.

"ముగ్గురం ఎట్ల పోతం యాడీ?"

"ఎన్నిసార్లు పోలే?"

అలా ముగ్గురూ ఒకే బండి మీద బయల్దేరారు. మధ్యలో ప్రమీల, ఒళ్లో నోట్‌బుక్. వెనక లాలి. పామాయిల్ తోటలు దాటి అడవి అంచు మట్టిరోడ్డెక్కాక వీరన్న నోరు విప్పాడు.

"అక్కా, ఒకటి అడుగుత. మూడు నెలల సంది రోజు ఫోన్ చేసినవ్. మడి ఎట్లుంది, మడి ఎట్లుంది. ఒక్కపూట వీరన్నా నువ్వెట్లున్నవ్ అన్నవా?"

ప్రమీల ఒళ్లో నోట్‌బుక్ సర్దుకుంది. అడగలేదన్నది నిజం.

"జరం వచ్చి వారం పండుకున్న. నీళ్లు మాత్రం ఆపలే."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే."

వెనక నుంచి లాలి చెయ్యి చాచి కొడుకు భుజం తట్టింది.

జంపయ్య చేను అడవిని ఆనుకునే ఉంది. గట్టు మీద నిలబడి చూస్తే చేనంతా పిడికిలి బిగించినట్టుంది. ఆకులు దొప్పల్లా పైకి ముడుచుకుని, మొక్కలు మోకాలెత్తు కూడా ఎదగక గిడసబారిపోయాయి. జంపయ్య భుజం మీద తువ్వాలుతో ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి, మాట మెత్తన.

"ఏం జూస్తవ్ చెల్లె, అంత అయిపాయె. రేపో ఎల్లుండో పీకేద్దామనుకుంటున్న," అన్నాడు. "మీ ఇంటి సాళ్లల్ల సగం జర నయం."

ప్రమీల నోట్‌బుక్ చంకలో పెట్టుకుంది.

"నయమా? యాడ?"

"గా మూల. మూడు సాళ్లు."

ఆమె నడవలేదు, పరుగెత్తింది. బురదలో చెప్పు ఇరుక్కుంటే వదిలేసి పరుగెత్తింది. ఆ మూలన, ముడుచుకున్న మొక్కల మధ్యలో మూడు సాళ్లు నిటారుగా, నడుము ఎత్తున, ఆకులు అరచేతుల్లా విప్పుకుని నిలబడ్డాయి. పూత పట్టింది. అక్కడక్కడా వేలెడు కాయలు కూడా దిగాయి.

ప్రమీల మొదటి మొక్క ముందు కూర్చుని దాని ఆకుల్ని తడిమింది. కింది ఆకు, మధ్య ఆకు, కొస చిగురు. ఎక్కడా ముడత లేదు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందు రావాలో తెలియక రెండూ కలిసే వచ్చాయి. ఎనిమిదేళ్లు. మూడుసార్లు వెనక్కి పంపిన పేపరు. నీ మొక్క అదృష్టవంతురాలు అంతే అని పోయినేడు వెటకారం చేసిన పెద్దమనిషి. ఆయన కూడా రేపు వచ్చే నలుగురిలో ఉన్నాడు.

"వీరన్నా, లెక్కపెడదాం పట్టు. నువ్వు ఆ కొసకెల్లి రా."

అక్కా తమ్ముళ్లిద్దరూ చెరో కొస నుంచి ఒక్కో మొక్కా చూసుకుంటూ వచ్చారు. మధ్యలో ఎదురుపడి అంకెలు చెప్పుకున్నారు. నూటయాభైలో నాటినప్పుడే చచ్చినవి నాలుగు. బతికిన నూటనలభై ఆరులో ముడత పడ్డవి పదకొండే. నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టారు. మళ్లీ పదకొండే.

"గెలిచినవ్ అక్కా," అన్నాడు వీరన్న. దారిలో చూపిన కోపం ఎప్పుడు పోయిందో అతనికే తెలియదు.

ప్రమీల సాళ్ల మొదట్లోకి వచ్చింది, ఫోటో తీసుకోవడానికి. అక్కడ ఒక కర్ర పాతి ఉంది. దానికి ఒక ముడి.

గోనెదారం.

ఆమె కాసేపు దాన్నే చూసింది. తరువాత పక్కకు చూసింది. నాలుగు సాళ్ల అవతల ఇంకో కర్ర, దానికి ఎర్రగుడ్డ గాలికి ఆడుతోంది. ఆ కర్ర వెనక మూడు సాళ్లూ మిగతా చేనులాగే పిడికిలి బిగించి ఉన్నాయి.

"జంపయ్యన్నా," అంది. "ఈ కర్రలు ఎవరు పాతిండ్రు?"

"నేనే."

"మారినయేమో, సూడు."

"ఎట్ల మారుతయ్ చెల్లె? కట్ట ఇప్పంగనే దాని గుడ్డ దానికే కట్టిన. తొలికాయ ఎవరి సాలుదో తెల్వకపోతే ఎవరింటికని పంపాలె? మా ఇండ్లల్ల కర్ర మార్చరు."

మారలేదు. తల్లిచెట్టు పిల్లలు పడిపోయాయి. పోల్చుకోవడానికి పోసిన ఊరూపేరూ లేని నారు నిలబడింది.

ప్రమీల గట్టు మీద కూర్చుంది. వీరన్న పక్కన కూర్చోబోయి మానుకున్నాడు. గింజలోకి జ్ఞాపకం దిగదు. ఎనిమిదేళ్ల వాదం మూడు సాళ్లలో చచ్చిపోయి ఎదురుగా కనిపిస్తోంది. లెక్కపెట్టాల్సిన పని కూడా లేదు. అయినా లేచి ఎర్రగుడ్డ సాళ్లు లెక్కపెట్టింది. బతికినవి నూటనలభై, ముడత పడ్డవి నూటపద్దెనిమిది. నోట్‌బుక్‌లో రాసింది. అంకెలు తిన్నగానే రాసింది.

రాసిన తరువాత ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన చూసింది. నూటపద్దెనిమిది. పదకొండు.

తన వాదం తప్పయితే రెండూ ఒకేలా పడిపోవాలి కదా. ఇవెందుకు నిలబడ్డాయి? మామూలు గింజలు, ఖమ్మం అంగట్లో ఎవరైనా కొనే గింజలు. జంపయ్య సొంత నారు కూడా అదే గింజ. అదే నేల, అదే దోమ. ఇవొక్కటే ఎందుకు?

ఆ ప్రశ్న మెల్లగా దుఃఖాన్ని పక్కకు తోసింది. ఒళ్లంతా చురుకు పుట్టింది. ఇన్నేళ్లలో ఇంత పెద్ద తేడా ల్యాబులో కూడా చూడలేదు తను.

"వీరన్నా, రెండో మడికి ఏమన్న ఏసినవా? మందు గిట్ల?"

"నీళ్లే అక్కా. రెండిటికి ఒకటే బకెట్. పిల్లల మీద ఒట్టు."

"యూరియా?"

"నువ్వు వద్దన్నవ్ గద."

ప్రమీల తల్లి వైపు తిరిగింది. లాలి అప్పటికే పది గజాలు అవతలికి జరిగి అడవి వైపు చూస్తోంది, అక్కడేదో పెద్ద పని ఉన్నట్టు.

"యాడీ."

లాలి ఇంకో రెండడుగులు జరిగింది.

"యాడీ, నేను కోపం చెయ్య. రెండో మడికి ఏం చేసినవ్?"

జంపయ్య కూడా చూపు దించుకున్నాడు. లాలి కొంగు కొస వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

"రోజు ఫోన్ల ఏం అడిగేదానివి?" అంది చివరికి. "మొదటి మడి ఎట్లుంది. మొదటి మడి ఎంత పెరిగింది. మొదటి మడి ఫోటో పంపు. రెండోదాని ఊసే ఎత్తకపోతివి. దాన్ని ఎవ్వరూ చూడకపోతే, పాపం, దానికి మంచిగన్పిస్తదా?"

"అది పోల్చుకునేటందుకు యాడీ. దాన్ని ఎవ్వరూ చూడొద్దు."

"గట్లెట్ల? అది గూడ నారే గద."

వీరన్న తల పక్కకు తిప్పుకున్నాడు. ప్రమీల అది చూసింది.

"అందుకే దాన్ని నేనే చూసుకున్న, దిష్టి తీసిన," అంది లాలి. "మా యాడి తీసేది. నీ తల్లిచెట్టు ఆకులు దోసెడు తెంపిన. దెబ్బ తిని లేచిన చెట్టు ఆకే తెంపాలె. పిరికెడు ఉప్పేసి మూడు పొంగులు రానిచ్చి, సల్లార్చి మడి మీద సల్లిన. వారానికొకపారి. నాలుగు వారాలు."

ప్రమీల పెన్ను తీసింది. తల్లిచెట్టు ఆకులు పలచబడ్డాయని పొద్దున తనూ గమనించింది. పురుగేమో అనుకుంది.

తెగులును గెలిచిన ఆకు. వైరస్ నకళ్లను చింపే చిన్న ఆర్‌ఎన్‌ఏలు దాని నిండా ఉంటాయి. పచ్చి ఆకు నలిపితే ఆ ఆకులోని ఎంజైములే వాటిని తినేస్తాయి. మరిగిస్తే ఆ ఎంజైములు చాలావరకు చస్తాయి. రెండు పోగులుగా అల్లుకుని ఉండే ఆ ఆర్‌ఎన్‌ఏ వేడికి విడిపోకుండా ఉప్పు పట్టి ఉంచుతుంది. చల్లారిన నీళ్లు లేత ఆకుల మీద పడితే?

గింజలోంచి కాదు. ఆకులోంచి. తను ఎనిమిదేళ్లు ఒక తలుపు కొడుతూ కూర్చుంది, అమ్మ పక్క తలుపు తీసుకుని లోపలికి పోయింది.

కావొచ్చు. కాకపోవచ్చు. ఉప్పు ఒక్కటే పని చేసిందేమో, మరేదైనానేమో. మళ్లీ చేయాలి. కొలిచి చేయాలి. తల్లిచెట్టు ఆకులతో ఒకటి, మామూలు ఆకులతో ఒకటి, ఉత్త ఉప్పునీళ్లతో ఒకటి. ప్రమీల అప్పటికే నోట్‌బుక్‌లో గీతలు గీస్తోంది. ఒక కాలికి చెప్పు లేదన్న సంగతి కూడా మర్చిపోయింది.

ఫోన్ మోగింది. ప్రేమ్‌సాగర్ సార్. ప్రాజెక్టు పెద్ద ఆయనే. రేపు కమిటీని వెంటబెట్టుకుని వచ్చేదీ ఆయనే.

"ప్రమీలా, అంతా రెడీనా? రెండు మళ్లూ బాగున్నాయా?"

బాగున్నాయి సార్ అని ఒక్క మాట అంటే సరిపోతుంది. ఈ గోనెదారం సాళ్లు చూపించి, ఇవే తల్లిచెట్టు పిల్లలు అంటే కాదనేవాళ్లు లేరు. కర్రలు మార్చడానికి అరనిమిషం చాలు. పక్కనే నిలబడ్డ జంపయ్య ఆ ఎర్రగుడ్డ కర్రను చూస్తున్నాడు. మా ఇండ్లల్ల కర్ర మార్చరు.

"లేవు సార్," అంది ప్రమీల. "మళ్లు రెండూ ఖాళీ. మా అమ్మ నారంతా ఊళ్లో పంచేసింది. నా వాదం కూడా తప్పు సార్. తల్లిచెట్టు పిల్లలు నూటనలభైలో నూటపద్దెనిమిది పడిపోయాయి."

"నువ్వు ఇంత సంతోషంగా ఎందుకు చెప్తున్నావు?" అన్నాడాయన.

ఆమె చెప్పింది. ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా, ఆకులు, ఉప్పు, మూడు పొంగులు, పదకొండు మొక్కలు. చెప్తున్నంతసేపూ గట్టు మీద ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తూనే ఉంది.

"నాకు నమ్మాలనే ఉంది," అన్నాడు ప్రేమ్‌సాగర్ చివరికి. "కానీ వాళ్లు నీ మాట నమ్మరు. వాదం తప్పయ్యాక చెప్పే సాకు అంటారు. మీ అమ్మగారు అదే పని వాళ్ల ముందు చేసి చూపించాలి. ఏ ఆకు, ఎన్ని గ్రాములు, ఎంతసేపు, అన్నీ వాళ్ల కళ్లముందే కొలవాలి. ఆ నీళ్లు కొంచెం ల్యాబుకు తీసుకుపోదాం. అట్లయితే మనం అడిగిన మూడేళ్లు కాకపోయినా, ఇంకో ఆర్నెల్లయినా ఇవ్వమని నేను అడుగుతాను. చేస్తారా ఆమె?"

"చేస్తది సార్. రేపు పదిగంటలకు. మా ఇంట్లోనే."

ఫోన్ పెట్టేసి తిరిగేసరికి లాలి ఎదురుగా నిలబడి ఉంది.

"ఎవర్ని అడిగి మాటిచ్చినవ్?"

"నువ్వు చేసిందే యాడీ. ఇంకొక్కపారి చెయ్యాలె. గంతే."

"చేస్త. నీకోసం వందపార్లు చేస్త. కని ఎవరన్న చూస్తుంటే చెయ్యను."

"ఎందుకు?"

"అది దిష్టి బిడ్డా. కన్ను పడొద్దనే గద చేసేది. నలుగురి కండ్లు పడితే ఇంక తీసేదేంది? మడి చస్తది. మా యాడి నాకు గూడ చూపియ్యలే. గోడ అవతల, గోడకు ఈపు పెట్టి కూసుంటే, పొంగు వాసన పట్టి నేర్చుకున్న."

"మరి నాక్కూడ చూపియ్యవా?"

లాలి కూతురి మొహంలోకి చూసింది. బురద అంటిన ఆమె చెంపను కొంగుతో తుడిచింది.

"నువ్వు గోడకు ఈపు పెట్టి కూసుంటే నేర్పిస్త," అంది. "కని ఆ వచ్చేటోళ్లు కూసుంటరా గట్ల?"

ప్రమీల చేతిలోని ఫోన్ వైపు చూసింది. ఆ నలుగురూ రేపు వస్తున్నదే చూడటానికి.